కొత్త బియ్యం తినని పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. నేను అంగన్‌వాడీలో పిల్లల బరువు తూస్తుంటే ఆమె మరిది, అంటే మా చిన్నాయన, గడప దగ్గర నిలబడి చెప్పాడు. "పొద్దుగాల్ల దవాఖానల పానం పోయింది బిడ్డా." మిగిలిన నలుగురు పిల్లల్నీ తూచి, రిజిస్టర్లో రాసి, అప్పుడు వెళ్లాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

టేకులపల్లి దాటాక అడవి అంచున మా ఊరు. పెద్దమ్మకు ఒక్కతే కూతురు. నాకు అక్క. మొగుడే అనుమానంతో కొట్టి చంపాడు. చూసినవాళ్లు లేరని కోర్టు అతణ్ణి వదిలేసింది. కొన్నాళ్లకు టీవీ వాళ్లు జీపులో వచ్చారు. కెమెరా, కాగితాలు చూసి పెద్దమ్మ, "కోర్టోళ్లా బిడ్డా?" అని నన్నడిగింది. ఆ ఇంగ్లీషు కాగితం నాకు సగం కూడా అర్థం కాలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, "అక్క కేసు గురించే, ఏలెయ్యి పెద్దమ్మా" అన్నాను. వేలిముద్ర వేసి, అక్క ఫొటో కూడా ఇచ్చింది.

ఆ కాగితం అక్క కథ తీయడానికి ఒప్పుదలని ఎండాకాలంలో సీరియల్ మొదలయ్యాకే తెలిసింది. అందులో అల్లుడు దేవుడు. అక్కకేమో ఇంకొకడితో సంబంధం. పెద్దమ్మ రోజూ సాయంత్రం మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని, చూపు తిప్పకుండా బీడీలు చుట్టే తునికాకు కట్టలు కట్టేది. అక్క వేషం వేసిన పిల్ల వానలో తడుస్తూ ఆకు కోస్తుంటే, "వానల తునికాకు ఎవలు కోస్తరే" అంది. ఇంకోరోజు, "కొడ్తుండని అది మా ఇంటికి ఉరికొచ్చింది. అది చూపియ్యలే" అంది. చేతిలోని కట్ట ముడేసి, "నేనే మళ్ల తోల్కపోయి దిగబెట్టొచ్చిన. అది గూడ చూపియ్యలే" అంది. చేతులు మాత్రం కడుతూనే ఉన్నాయి.

ఊరు సీరియల్‌నే నమ్మింది. "తల్లే ఏలేసి ఒప్పుకున్నదట, ఊకెనే చూపిస్తరా?" అన్నారు. కొత్తల పండుగకు మేం ఇంట్లో పోయినవాళ్లకు కొత్త బియ్యం బువ్వ విస్తళ్లలో పెట్టాకే తింటాం. అక్కకు పుట్టింట్లోనే పెట్టేవాళ్లు. ఆ ఏడు చిన్నాయన అక్కకు విస్తరి వేయలేదు. "ఇంటి పరువు దీసినదానికి ఎందుకు?" అన్నాడు. పెద్దమ్మ తన పళ్లెం పక్కకు జరిపింది. "దానికి పెట్టంది నాకొద్దు."

ఆనాటి నుంచి ఆమె రేషన్ బియ్యమే తింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. టీచరమ్మ అన్న నా పేరు ఎక్కడ పోతుందోనని నేనూ నోరు విప్పలేదు. నా పేరు నిలబెట్టుకోవడానికి అక్క పేరు పోనిచ్చాను.

మొన్న కర్మ దినం నాడు చిన్నాయన పెద్దమ్మకు ఈ ఏడు పండిన బియ్యం వండించి పెట్టాడు. అందరి ముందూ చెప్పాను. "చిన్నాయనా, పెద్దమ్మ ఏదీ ఒప్పుకోలే. కోర్టు కాయితమనుకున్నది. నాకు తెల్వకున్నా తెల్సినట్టు చెప్పి ఏలేపిచ్చిన."

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అన్నాడు.

చిన్నాయన లోపలికి వెళ్లి ఇంకో విస్తరి తెచ్చి పెద్దమ్మ విస్తరి పక్కన పరిచాడు. కుండలో బువ్వ అయిపోయింది. పెద్దమ్మకు పెట్టినదాంట్లోంచే సగం చేత్తో తీసి, అందులో పెట్టాడు.