సగంలో ఆగిన కంప్యూటరు

భిలాయి సెక్టర్ 2లో మణిమాల క్వార్టరుకి వెళ్లినవాళ్లు, ముందుగదిలో మూత ఊడదీసి ఉన్న కంప్యూటరును చూసి ఒక్క క్షణం ఆగేవారు. దాని స్క్రూలు పక్కనే స్టీలు గిన్నెలో ఉండేవి. లోపల దుమ్ము పడకుండా ఆమె పాత చీరముక్క కప్పేది. బాగుచేయించేది కాదు, అమ్మేది కాదు. ఆమె భర్త గోపాలం దాన్ని అలా విప్పి వదిలేసి డ్యూటీకి వెళ్లాడు. ఆ షిఫ్టులోనే గుండె ఆగి పోయాడు. అది తొంభై ఆరు వానాకాలం.

గోపాలం స్టీలు ప్లాంటులో ఎలక్ట్రీషియన్. పిల్లలు లేరు. మొదటినుంచీ మాట తక్కువ మనిషి. రాయపూర్ నుంచి పాత కంప్యూటరు తెచ్చుకున్నాక ఆ కాస్త మాటా తగ్గింది. దానితో వచ్చిన హార్డ్ డిస్కులో డాస్ ఉండేది, నల్లటి తెరమీద అక్షరాలు కొట్టి నడిపే పాతరకం. తర్వాత ఇంకో డిస్కు సంపాదించి అందులో విండోస్ 95 ఎక్కించాడు. ఏది కావాలంటే దానికి కేబులు మార్చి తగిలించేవాడు. సెలవురోజు ఆమెకు కనిపించేది అతని వీపే.

"ఆ డబ్బాతోటే కాపురం సెయ్యండి" అని ఒకసారి విసుక్కుంది.

"రెండూ ఒకేదాంట్లో లేచీలాగ సేసీసేనంటే మరి ముట్టుకోనే" అన్నాడు తల తిప్పకుండా.

మణిమాల కూడా ప్లాంటు ఆఫీసులోనే టైపిస్టు. అతను పోయిన మరుసటేడు టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టారు. కొన్ని గదుల్లో డాస్‌, కొన్నింట్లో విండోస్, రెండూ నేర్చుకుని పరీక్ష పాసవ్వాలన్నారు. మిగతా ఆడవాళ్లు జట్టుగా నేర్చుకుంటూ నవ్వుకునేవారు. మణిమాల వెళితే నవ్వులు ఆగిపోయేవి. అది వాళ్ల మర్యాదే, కానీ ఆమె భరించలేకపోయింది. ఇంట్లోనే నేర్చుకుందామని ఒక ఆదివారం చీరముక్క తీసి స్విచ్చి వేసింది. డిస్కులు దొరకలేదని నల్లటి తెరమీద ఒక్క లైను వచ్చి ఆగిపోయింది.

గోపాలంతో కలిసి పనిచేసిన నరసింగరావుని పిలిచింది. ఆయన టార్చి వేసి లోపలికి చూశాడు.

"రెండింటికీ మాస్టరే పెట్టీసేడు చెల్లెమ్మా. ఒకే కేబులు మీద ఇద్దరు మాస్టర్లుంటే మిషను ఎవుడి మాట వింటాది? ఈ జంపరు తీసి పక్కకి పెడితే ఒకటి పెద్ద, ఒకటి చిన్న అయిపోతాది. బస్, అంతే." డిస్కు వెనక మినపగింజంత ప్లాస్టిక్ తొడుగు చూపించాడు.

"ఆయన పెట్టింది పోతాది కదన్నయ్యా."

"పోతాది. మరి నడవాలి కదా." జంపరుని గోటితో లాగి చూసి, "సన్న పట్టకారు ఉందేటి?" అన్నాడు.

పట్టకారు గోపాలం డ్యూటీ సంచిలో ఉండేది. లాకరులోంచి తీసి ప్లాంటువాళ్లు అప్పగించిన ఆ సంచిని ఆమె ఇంతవరకూ విప్పలేదు. బీరువా మీదనుంచి దింపి, ముడి విప్పి, ఒక్కొక్కటే బయటపెట్టింది: తువ్వాలు, ఎవరో కడిగిపెట్టిన టిఫిన్ డబ్బా, పట్టకారు. అడుగున కవరైనా చింపని కొత్త కేబులు చుట్ట.

నరసింగరావు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వాడు తప్పు సెయ్యలేదమ్మా. చిన్నగా పెడితే ఆ డాసు లేవదు, దానికి తనే మాస్టరవ్వాలి. అందుకని దేని కేబులు దానికి ఇద్దామనుకున్నాడు. ఇంటికి రాగానే తగిలించీవోడు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "జంపర్లు ముట్టుకోనక్కర్లేదు."

కొత్త కేబులు మణిమాలే తగిలించింది. విండోస్ లేచింది. డాస్ మాత్రం రాలేదు. "సెట్టింగుల్లో ఏదో ఉంటాది, చూద్దాం" అని నరసింగరావు, అవి తెరిచే మీట చూపించి షిఫ్టుకి వెళ్లిపోయాడు.

ఆయన మళ్లీ వచ్చేదాకా ఆమె ఆగలేకపోయింది. ఆఫీసునుంచి రాగానే చెప్పులైనా విడవకుండా స్విచ్చి వేసేది. నీలిరంగు సెట్టింగుల తెరలో ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేది. ఒకటి మార్చి చూసేది, మళ్లీ విండోసే వచ్చేది. పాడైపోతుందేమోనని మార్చినదల్లా కాగితం మీద రాసుకునేది. చివరికొక సాయంత్రం, విండోస్ ఉన్న డిస్కు అసలు లేదని మిషనుకి చెబితే ఏమవుతుందో చూద్దామనుకుంది. దాని పేరు దగ్గర ఏమీ లేదని పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. దిక్కులేక మిషను డాస్ డిస్కుని వెతుక్కుంది. నల్లటి తెరమీద తెల్లని గీత ఒకటి మినుకుమంటూ నిలబడింది.

"ఏవండీ, లేచింది" అంది పైకే.

ఆ తర్వాత రెండు డిస్కులూ మొత్తం వెతికింది. తనకోసం ఏదైనా ఉంటుందని ఆశ. ఒక చదరంగం ఆట, మోటార్ల లెక్కలు, టైపింగు నేర్చుకునే ప్రోగ్రాం. ఆమె పేరు ఎక్కడా లేదు. ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడ్చింది, ఆ మనిషి పోయినరోజు కూడా ఏడవనంతగా.

ఆఫీసు పరీక్ష గట్టెక్కింది. ఆడవాళ్లు తమతో కూర్చోబెట్టుకున్నారు, నవ్వడమూ మొదలుపెట్టారు. ఇంట్లో మాత్రం మూత బిగించిన ఆ కంప్యూటరు ముందు ఒక్కతే కూర్చుని చదరంగం నేర్చుకునేది. ఎలా ఆడాలో చెప్పేవాళ్లు లేక, మిషను చేతిలో రోజూ ఓడిపోయేది.