మామ ఇవ్వనన్న కాలు

కబడ్డీ ఆడే అమ్మాయిలకు కాళ్ల దగ్గర మొహమాటం ఉండదు. మట్టయినా దులుపుకోకుండా తెచ్చి నా ఒళ్లో పడేసి "దీదీ, జల్దీ" అనేవారు. నేనూ ఒకప్పుడు అలా పడేసినదాన్నే. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక, మసాజ్ కోర్సు చేసి వచ్చి, అదే జట్టుకు మాలీష్ చేసే మనిషిగా చేరాను.

జట్టు వెంట ఊళ్లు తిరిగి తిరిగి విసుగొచ్చి, చివరికి బిలాస్‌పూర్‌లోనే రైల్వే కాలనీ పక్కన ఒక గది తీసుకుని సొంతంగా మాలీష్ బోర్డు పెట్టాను. ఇప్పుడు పక్క ఊరు మస్తూరీ నుంచి కూడా వస్తున్నారు గానీ, మొదట్లో కాలనీవాళ్లు బోర్డు చదివి, నవ్వుకుని పోయేవారు. ఆడపిల్ల ఊరందరి కాళ్లు పట్టడమేమిటని వాళ్ల బాధ.

సరిగ్గా అప్పుడే మామ చీలమండ విరిగింది. సొంత మామ కాదు. మా పక్కింట్లో ఉండే ఛత్తీస్‌గఢీ ఆయన, లోకో షెడ్‌లో చేసి రిటైరయ్యాడు. అమ్మ ఏటా ఆయనకు రాఖీ కడుతుంది; మా తెలుగు ఆయనకు బాగానే అర్థమవుతుంది. కట్టు విప్పేసరికి పాదం చెక్కలా బిగుసుకుపోయి ఉంది. ఇప్పుడే సాగదీయించకపోతే జీవితమంతా కుంటాల్సిందేనని డాక్టరు చెప్పాడు. నేనుండగా భయమేమిటని నూనె సీసా పట్టుకుని వెళ్లాను. నన్ను చూడగానే ఆయన కాలు దుప్పట్లోకి లాక్కున్నాడు.

"పాప్ లగహీ, భాంచీ."

ఇక్కడివాళ్లకు మేనకోడలు దేవతతో సమానం. మామే ఆమె కాళ్లకు మొక్కాలి. ఆమె చేత కాలు ముట్టించుకుంటే ఆయనకు పాపం చుట్టుకుంటుంది. మా తెలుగిళ్లలోనేమో మామ ఉన్నదే ఆటపట్టించడానికి. పైగా పెద్దవాళ్లు మొక్కితే మాకు ఆయుక్షీణం. చిన్నప్పుడు పండక్కి ఆయన వంగబోతే చాలు, మంచమెక్కి కాళ్లు దాచేసుకునేదాన్ని.

అమ్మకు ఒళ్లు మండింది. "ఏటి భయ్యా ఇది? పిల్ల సేతిలో విద్య ఉంటే, నువ్వు కుంటుకుంటూ కూకుంటావేటి?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. నాకు కోపం కంటే దిగులెక్కువగా ఉంది. షెడ్‌కి సైకిలు తొక్కుకుంటూ పోయిన మనిషి మంచం మీద కూర్చుని కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. ఇక అలాగే ఉండిపోతాడేమోనని రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు బేరానికి దిగాను. "నాను ముట్టుకున్నప్పుడల్లా నువ్వు నాకు మొక్కీ మామా. పాపం అక్కడికక్కడే పోద్ది."

"ఝుకూఁ కైసే?" అన్నాడు, వంగేదెలాగని.

"అచ్ఛా, వంగగలిగిన రోజున అన్నీ కలిపి ఒక్కసారే మొక్కు. అందాకా దేవుణ్ణి ఆగమను."

ఆయన పకపకా నవ్వాడు. నవ్విన మనిషి కాలు దొరికినట్టే.

నూనె వేడిచేసి ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. మామ కళ్లు గట్టిగా మూసుకుని రామ రామ అనుకుంటున్నాడు. ఆ తర్వాత రోజూ వేడినీళ్లు, నూనె, మా ఇద్దరి కీచులాట. గోడ పట్టుకుని గొంతుక్కూర్చోమంటే మడమ పైకి లేచిపోయేది. అది నేలకు ఆనితేనే చీలమండ వదులైనట్టు. మడమ లేచిన ప్రతిసారీ ఆయన నా మొహం చూసేవాడు, నేను నూనె సీసా చూసేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం, నేను ఇంకా కూర్చోకముందే మామ లేచి గోడ వదిలేశాడు. మెల్లగా నా ఎదుట కిందికి దిగాడు.

"ఆయుక్షీణమే, కాళ్లు తీసీయే!" గుమ్మంలోంచి అమ్మ అరిచింది.

ఆయన రెండు చేతులూ నా పాదాల మీదున్నాయి. మడమ నేల మీదే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. పోతే పోనీ కొంచెం ఆయుష్షు అనుకుని, కదలకుండా నిలబడ్డాను.