బాగా కుదిరిన కోట్లే కారాయి

1972 మే నెలలో నన్ను పటాన్‌చెరు దగ్గరి ఒక చిన్న కుట్టు కార్ఖానాకు తనిఖీదారుగా వేశారు. సైన్యానికి వెళ్ళే దుస్తులను పరీక్షించే విభాగంలో అప్పటికి ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. హోదా చార్జ్‌మన్. పై అధికారుల ముందు చేతులు కట్టుకునే ఉద్యోగమే గానీ, కార్ఖానా వాళ్ళకు మాత్రం నేను యముడికి తమ్ముణ్ణి. సంగారెడ్డిలో గది అద్దెకు తీసుకున్నాను. పొద్దున్నే బస్సెక్కి బొంబాయి రోడ్డు మీద దిగి, జొన్నచేల మధ్య నుంచి నడిచి వెళ్ళేవాణ్ణి.

అక్కడ కుట్టేవి సిపాయిల వాన జాకెట్లు. రబ్బరు పూసిన ఆకుపచ్చ గుడ్డ, తలకు టోపీ, తొడల దాకా పొడవు. మేము ముఖ్యంగా రెండు చూసేవాళ్ళం. మొదటిది నీటి పరీక్ష. చంక దగ్గరి కుట్టును గిన్నెలా మలిచి, అందులో నీళ్ళు పోసి, కింద అద్దుడు కాగితం పరిచి రెండు గంటలు ఉంచుతాం. కాగితం మీద ఒక్క చుక్క కనబడినా ఆ జాకెట్ పోయినట్టే. రెండోది తొడిగి చూడడం. లోపల ఊలు స్వెట్టరు, పైన జాకెట్ వేసుకుని, తుపాకీ గురిపెట్టినట్టు చేతులు ఎత్తాలి. మణికట్టు బయటపడకూడదు. పడితే వాననీళ్ళు చేతి లోపలి నుంచి మోచేయి దాకా పారతాయి.

యజమాని విఠల్‌రావుకు అదే మొదటి సైనిక ఆర్డరు. సరుకును తిప్పికొడితే సరిచేసి మళ్ళీ చూపించే అవకాశం ఒక్కసారే ఉంటుంది. రెండోసారీ పోతే ఆర్డరు రద్దు. అప్పుడు కార్ఖానాకు తాళం వేయక తప్పదని అతనే నాతో అన్నాడు.

కార్ఖానాలో రెండు బల్లలు. ఒకటి ఖాసిం మాస్టర్‌ది. హైదరాబాదులో నలభై ఏళ్ళు షేర్వానీలు కుట్టి వచ్చిన మనిషి. రెండోది చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళది. మాస్టరే వాళ్ళకు మిషను నేర్పాడు. వాళ్ళలో ఇంద్రేశం నుంచి వచ్చే మరియమ్మ చురుకైనది.

సరుకు సగం తయారైనప్పుడు ఒకసారి చూడాలని మా నియమం. ఆ రోజు మాస్టర్ బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మిషను మీదికి వెళ్ళేముందు ఆయన ప్రతి చేతినీ పొడుగాటి తెల్లదారంతో కచ్చా కుట్టు వేసి, చంకకు అమర్చేవాడు. మిషను కుట్టు పడ్డాక ఆ దారం లాగేసేవాడు. చేయి ముడత లేకుండా కూర్చునేది. ‘పనంటే ఇది’ అని పైకే అన్నాను. ఆయన తలెత్తకుండానే నవ్వాడు.

జూన్‌లో సరుకు సిద్ధమైంది. రెండు బల్లల నుంచీ మచ్చుకు కొన్ని జాకెట్లు ఏరి నీళ్ళు పోశాం. ఆడవాళ్ళ బల్ల మీద కుట్టినవి పొడిగా ఉన్నాయి. మాస్టర్ కుట్టినవి, చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించేవి, అన్నీ కారాయి. దారం మంచిది కాదేమో అనుకున్నాం. గుడ్డ మీద అనుమానపడ్డాం. కానీ రెండు బల్లలకూ అదే దారం, అదే గుడ్డ. చివరికి ఒక చేతిని తిరగేసి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను. మిషను కుట్టు పక్కనే వరసగా సూది బెజ్జాలు కనిపించాయి. వాటిలో దారం లేదు, లాగేసిన కచ్చా కుట్టు బెజ్జాలవి. ఆడవాళ్ళు కచ్చా వేయకుండా నేరుగా మిషను మీదే కుట్టేవాళ్ళు. మామూలు గుడ్డలో సూది తీస్తే పోగులు మళ్ళీ కలుసుకుంటాయి, రబ్బరు గుడ్డలో పడ్డ బెజ్జం పూడదు. మిషను కుట్టు మీద సన్నగా రబ్బరు ద్రావణం పూస్తారు గానీ, ఆ పూత కచ్చా కుట్టు దాకా రాదు.

విఠల్‌రావు మండిపడ్డాడు. “ఈ ముసలాయన తప్పేనని రాయుండ్రి సార్. ఇయ్యాల్నే పంపిచ్చేస్త” అన్నాడు.

మాస్టర్ మరియమ్మ కుట్టిన జాకెట్ ఒకటి తెచ్చి నా చేతికిచ్చి, “జెర తొడిగి చెయ్యి లేపుండ్రి సాబ్” అన్నాడు. తొడిగి ఎత్తాను. మణికట్టు నాలుగు వేళ్ళ మేర బయటపడింది. “కచ్చా ఎయ్యకుంటే చెయ్యి ఎట్ల కూసుంటది?” అన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తడవని జాకెట్ కుదరలేదు, కుదిరిన జాకెట్ తడిసింది. మొత్తం సరుకు తిప్పికొట్టాను.

తిప్పికొట్టిన సరుకుకు నివేదిక రాయాలి. అందులో ‘లోపానికి కారణం’ అని ఒక గడి ఉంటుంది. దొరికినవాడే దొంగ అన్నట్టు మాస్టర్ పేరు రాస్తే నా పని అయిపోయేది. విఠల్‌రావు ఎదురుగా కూర్చుని ఆ గడి వైపే చూస్తున్నాడు. మరియమ్మ గుమ్మం దగ్గర నిలబడి, “మాస్టర్ సాబ్‌ను పంపిస్తే మాకు చెయ్యి ఎక్కిచ్చుడు ఎవరు నేర్పుతరు సార్?” అంది. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఆ తెల్లదారాన్ని నేను కళ్ళారా చూశాను. ఆపడానికే జీతం తీసుకునే నేను, మెచ్చుకుని వచ్చాను. సిగ్గేసింది. గడిలో ఇలా రాశాను: ‘కచ్చా కుట్టు బెజ్జాలు. తయారీ మధ్యలో జరిగిన తనిఖీలో తనిఖీదారు ఈ కుట్టును చూసి కూడా అభ్యంతరం చెప్పలేదు.’ కింద సంతకం పెట్టి, ప్రతిని విఠల్‌రావు చేతికిచ్చాను. అతను రెండుసార్లు చదివాడు. ఇక మాస్టర్‌ను పంపించే మాట ఎత్తలేదు.

ఎలా కుట్టాలో తనిఖీదారు చెప్పకూడదు, ఒప్పుకోవడమో తిప్పడమో అంతే. కానీ పూత ఎక్కడిదాకా వస్తుందో చూపడంలో తప్పు లేదు. సుద్దతో గీత గీసి చూపించాను. మాస్టర్ ఆ గీతను వేలితో తడిమి, “కచ్చా గిటు పక్కన, అంచుల పడాలె. మిషన్ కుట్టుకు అవుతల” అన్నాడు. అంచు లోపలికి మడిచి అతుకుతారు కాబట్టి బెజ్జాలు అక్కడ పడినా నీళ్ళు రావు. తేడా పావు అంగుళం. కానీ నలభై ఏళ్ళుగా ఆయన సూది మిషను దారికి తగలకుండా లోపలి పక్కనే నడిచింది.

బెజ్జాలు పడ్డ గుడ్డ ఇక పనికిరాదు కనుక విఠల్‌రావు కొత్త గుడ్డ తెప్పించాడు. మాస్టర్ మొదటి రోజు ఆరు చేతులు కుట్టి, ఆరూ తానే చించేశాడు. చూపు పక్కకు పోతే చాలు, సూది పాత దారి పట్టేది. రెండో రోజు మరియమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “సాబ్, మల్ల లోపటికి పోయింది” అని ఆమె అనడం, ఆయన దారం తెంపి ఆ ముక్క పక్కన పడేయడం. తను నేర్పిన పిల్ల చేత తప్పు చెప్పించుకోవడం ఆ వయసులో చిన్న విషయం కాదు. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాలుగో రోజుకు చేయి తిరిగింది. తర్వాత ఆడవాళ్ళందరి చేతా అలాగే కుట్టించాడు.

రెండోసారి పరీక్షకు ఎవర్నీ పిలవకుండా నేనే స్వెట్టరు తొడుక్కుని, చెమటలు కక్కుతూ ఒక్కో జాకెట్ వేసి చూశాను. మణికట్టు ఎక్కడా బయటపడలేదు. తర్వాత నీళ్ళు పోశాం. రెండు గంటల తర్వాత కాగితాలు ఎత్తి ఒక్కొక్కటే మాస్టర్ చేతిలో పెట్టాను. అన్నీ పొడిగా ఉన్నాయి. ఆయన వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నివేదికకు జతచేయాల్సిన కాగితాలవి, వెనక్కి ఇమ్మని అడగాల్సింది, అడగలేదు.

కొన్నాళ్ళకు పై ఆఫీసు నుంచి నాకు సంజాయిషీ కోరుతూ కాగితం వచ్చింది. జరిగింది జరిగినట్టు రాశాను. ఆ ఏడాది రావలసిన పదోన్నతి రాలేదు. బాధపడ్డాను, అన్యాయం అనుకోలేదు.

చెడ్డ కుట్టు మీద అందరి కన్నూ పడుతుంది. మంచి కుట్టును మెచ్చుకుని ముందుకు వెళ్ళిపోతాం. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, మచ్చుకు ఏరేటప్పుడు నాకు బాగా నచ్చిన కోటునే ముందు నీళ్ళ కింద పెట్టించాను.