శివారు గురునాథరావు

గురునాథరావుకు వరుసలో ముందు నిలబడ్డవాడంటే పడదు. రేషన్ డిపో కానీ, ఆధార్ సెంటర్ కానీ, వరుస కనబడితే చాలు, తిన్నగా దాని తోక దగ్గరికెళ్లి "శివారు ముందు! శివారు ముందు!" అంటూ చివరివాణ్ని చెయ్యి పట్టుకుని లాక్కొస్తాడు. ఆయన దృష్టిలో వరుసంటే కాలవ. ముందున్నవాడు నీళ్లు వదిలే తూము పక్క రైతు. చివరివాడు నీళ్లందని శివారు రైతు.

ఈ పిచ్చికి మొదటి బాధితుడు బావమరిది దొరబాబు. మల్కాపురంలో కాపురం, పోర్టులో ఉద్యోగం, ఆకలికి ఒక్క నిమిషం ఆగలేని ఒళ్లు. మొన్న గాజువాకలో చుట్టాల పెళ్లికెళ్లి, బఫే తెరవకముందే పళ్లెం పట్టుకుని మొదట నిలబడ్డాడు. చికెన్ గిన్నె మూత లేచింది. వెనకనుంచి కేక, "శివారు ముందు!" వరుస మొత్తం వెనక్కి తిరిగింది.

"అయితే ఇప్పుడు నానే శివారు కదా బావా?" అన్నాడు దొరబాబు ఆశగా.

"ఇందాక తూము కాడున్నావు. నాను సూడనేదనుకున్నావేటి?"

తిరుగు ప్రయాణంలో బస్‌స్టాపులోనూ అదే గొడవ. తోకనున్న ముసలమ్మను ఎక్కిస్తుండగానే బస్సు కదిలింది.

"బస్సెల్లిపోయింది బావా!"

"ఎల్తే ఎల్లింది. న్యాయంగా మిగిలిపోయాం."

పోనీ బావ ఇంటికెళ్తే అన్నమైనా దొరుకుతుందా? అక్క ఆదిలక్ష్మమ్మ ఎప్పుడూ చోడి అంబలే, అదే రాగి జావే, పోస్తుంది.

"పొలముంది కదే అక్కా! వరి పండదా?"

"మీ బావనడుగు. ఏళ్ల తరబడి చోళ్లే ఏత్తన్నాడు."

దొరబాబు జాలిపడ్డాడు. పాపం, బావ పొలం శివార్లో ఉండుంటుంది. నీళ్లందక చోళ్లేసుకుంటున్నాడు. ఆ కడుపుమంటే ఇలా బఫేల మీద పడుతోంది.

ఈ ఏడు రిజర్వాయర్లో నీళ్లు సగమే. ఊళ్లో నీటి సంఘం మీటింగ్ పెట్టారు, బావ వెంట దొరబాబూ వెళ్లాడు. వంతు శివారు నుంచి మొదలుపెట్టాలి, తూము పక్కవాళ్లు తక్కువ నీటి పంటలేసుకోవాలి అన్నది గురునాథరావు తీర్మానం. అది నెగ్గకపోతే శివార్లో వరహాలమ్మ వరి ఎండిపోయినట్టే. కాలవ అందరి పన్నుతో తవ్విందే. నీళ్లు మాత్రం తూము పక్కవాడి సొంతమన్నట్టు నడిచే ఊళ్లు మనకు తక్కువేం కాదు.

"మా నీల్లు శివారోల్లకిచ్చేసి మేవు అంబలి తాగాలేటి?" అని లేచాడు తూము పక్క రైతు గవర్రాజు.

దొరబాబుకు ఒళ్లు మండింది. "శివార్లో మా బావ మడి ఎండిపోతంటే నీకు యెటకారంగా ఉందేటి?"

మీటింగ్ మీటింగంతా ఘొల్లుమంది.

"మీ బావది శివారేటయ్యా!" అన్నాడు గవర్రాజు. "తూముని ఆనుకున్న మొదటి మడే ఆడిది! అందులో చోళ్లేసి మా పరువు తీసేత్తన్నాడు!"

"ఆ బాబు తన వంతు నీల్లు కిందికి ఒగ్గబట్టే ఇన్నాల్లూ నా మడి తడిసింది," అంది వరహాలమ్మ.

దొరబాబు బావ వైపు చూశాడు. ఆయన దొంగతనం బయటపడ్డవాడిలా కప్పు వైపు చూస్తున్నాడు.

"గవర్రాజూ!" అన్నాడు దొరబాబు. "మొదటి మడోడే అంబలి తాగతన్నాడు. రెండో మడోడివి, నీకేటి నొప్పి?"

గవర్రాజు కూర్చున్నాడు. చేతులు లేచాయి. లెక్క చివరి బెంచీ నుంచి మొదలుపెట్టాలని గురునాథరావు పట్టుబట్టడంతో కాస్త ఆలస్యమైంది గానీ, తీర్మానం నెగ్గింది.

కోతలయ్యాక వరహాలమ్మ తన కొత్త బియ్యంతో అందరికీ భోజనాలు పెట్టింది, చికెన్ కూరతో సహా. ఊరు తెలివిమీరింది. వరుస తోక కోసం తోసుకుంటోంది, ముందు నిలబడేవాడే లేడు. దొరబాబు చికెన్ గిన్నె వైపు ఒకసారి చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని వెళ్లి మొదట నిలబడ్డాడు.

గురునాథరావు వచ్చి అతని ముందు నిలబడ్డాడు.

"ఏటి బావా, తూము కాడ నానున్నాను కదా!"

"నా ఎనకాలే. మొదటి మడి నాది."

వాళ్లిద్దరి వంతూ వచ్చేసరికి చికెన్ అయిపోయింది. గురునాథరావు ఇంటినుంచి తెచ్చిన అంబలి మాత్రం కుండ నిండా అలాగే ఉంది.