ఇస్త్రీ అత్త చెప్పిన సాక్ష్యం

వీధి మలుపులో రేకుల కొట్టు ఆమెది. ఇంటిపేరు, ఒంటిపేరు ఎవరికీ పట్టవు. అందరికీ ఇస్త్రీ అత్త. "నీ ఇస్త్రీ పెట్టె కన్నా నీ నోటికే వేడెక్కువ" అని భర్త ఎగతాళి చేసేవాడు. ఊళ్లో వాళ్ల భాష మాట్లాడేవాళ్లు తక్కువ. బడి, కచేరీ, ఆసుపత్రి, అన్నిచోట్లా రాష్ట్రంలోని రెండో భాషే.

భర్తకు గుండెలో నొప్పి వచ్చిన రోజు ఆయన మాట నర్సుకు అర్థం కాలేదు. పొట్ట తడిమి సైగలతో అడిగింది. ఆయన భాష వచ్చినవాళ్ల కోసం వార్డులన్నీ పరిగెత్తింది. మనిషిని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఆయన పోయాడు. అత్త చెయ్యి పట్టుకుని ఆ పిల్ల కూడా ఏడ్చింది.

ఆ ఏడే రాష్ట్రంలో ఎన్నికలు. భాషాహక్కుల పార్టీ కొత్తగా లేచింది. దాని నాయకుడైన ప్లీడరు కొట్టుకొచ్చి, "నీకు జరిగింది నలుగురికీ చెప్పక్కా. ఇంకో ఇంట్లో జరక్కూడదు" అన్నాడు. నిజమేననిపించింది. మొదటి సభలో ఉన్నదున్నట్టు చెప్పింది. జనంలో చలనం లేదు.

"నర్సు పరిగెత్తిన సంగతి ఎందుకక్కా?" అన్నాడు ప్లీడరు, వేదిక దిగాక. "'మా భాష నేర్చుకుని రా' అని ఆ నర్సు అందని చెప్పు."

"అనలేదయ్యా."

"నోటితో అనకపోతేనేం? వాళ్ల మనసులో ఉన్నది అదేగా."

రెండో సభలో అలాగే చెప్పింది. మైదానం హోరెత్తింది. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. అంతమంది తన మాట వినడం ఆమె ఎరగదు. తర్వాత సభల్లో ఎవరూ నేర్పకుండానే ఆ మాట నోటికొచ్చేది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పార్టీ సగం సీట్లు గెలిచింది. విజయోత్సవపు గుంపు నర్సు ఇంటి మీద రాళ్లు వేసింది. గాజుపెంకు తగిలి ఆమెకు ఒక కన్ను పోయింది.

అత్త పార్టీ ఆఫీసుకు పరిగెత్తింది. "ఆ పిల్ల తప్పేం లేదని మైకులో చెప్తానయ్యా."

"చెప్తే ఈసారి నీ కొట్టు తగలబెడతారక్కా. ఆసుపత్రిలో మన భాషవాళ్లను పెట్టిస్తున్నాం. అందుకేగా ఇదంతా? ఇంటికెళ్లు."

పెట్టించిన మాట నిజమే. అక్కడ ఇప్పుడెవరికీ సైగలు అక్కర్లేదు.

అత్త నర్సు ఇంటికి వెళ్లేసరికి సామాను లారీకెక్కిస్తున్నారు. కంటికి కట్టుతో ఆ పిల్ల గుమ్మంలో నిలబడింది.

"తప్పయిపోయింది తల్లీ" అంది అత్త, తనకొచ్చిన భాషలో.

నర్సు ఆమెను గుర్తుపట్టింది. నెమ్మదిగా ఏదో అని, లారీ ఎక్కింది.

తిట్టిందో, పోనీలెమ్మందో అత్తకు తెలియలేదు. ఆ వీధిలో రెండు భాషలూ వచ్చినవాళ్లున్నారు. అడగడానికి నోరు రాలేదు.