నా మందు మీద గొలుసు ప్రార్థన

అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్ళో మా తెలుగు చర్చివాళ్ళం శనివారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరి ఇంట్లో కూడిక పెట్టుకుంటాం. చివర్లో గొలుసు ప్రార్థన ఉంటుంది. అందరూ గుండ్రంగా కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు రెండు మాటలు ప్రార్థించాలి. ఎవరు ప్రార్థిస్తున్నా మధ్యలో అడ్డు రాకూడదు. ఆ తర్వాతే భోజనం.

మావారు సంఘపెద్ద. ఆఫీసులో డేటాబేసులు చూసుకుంటారు, ఇంట్లో అమెరికా ప్రభుత్వాన్ని చూసుకుంటారు. వైద్య పరిశోధనకి ప్రభుత్వం డబ్బివ్వాలా, మానాలా అని టీవీలో రోజూ కొట్టుకుంటున్నారు. మావారికి మాత్రం ఏ సందేహమూ లేదు.

"మన టాక్స్ డబ్బుతో ల్యాబుల్లో ఎలకలకి ఏసీ గదులా! పనికొచ్చే మందైతే కంపెనీలే చేసుకుంటాయి," అనేవారు. నేను నోరు తెరిస్తే చెయ్యెత్తి, "ఉండు, నన్ను ఫినిష్ చెయ్యనీ," అనేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఫినిష్ ఇంకా కాలేదు.

నాకు రక్తంలో ఒక జబ్బుంది. మామూలు మందులు పనిచెయ్యడం మానేశాక, ఒక పెద్దాసుపత్రిలో కొత్త మందు పరీక్షిస్తున్న స్టడీలో నన్ను చేర్చుకున్నారు. నెలకోసారి వెళ్ళి ఎక్కించుకుంటాను. మావారికి ఎప్పుడూ మీటింగులే కాబట్టి నేనే డ్రైవ్ చేసుకుని వెళ్ళేదాన్ని. ఆ మందు ఏదో కంపెనీ చలవ అని ఆయన నమ్మకం. కాదని చెప్పబోయినప్పుడల్లా ఆ చెయ్యి లేచేది.

ఈసారి వెళ్తే నర్సు నా పక్కన కూర్చుంది. స్టడీ నడిచేది ప్రభుత్వ గ్రాంటు మీదనీ, అది ఆగిపోయిందనీ చెప్పింది. ఉన్న మందు నాకు ఇంకొక్కసారికి వస్తుందట, ఆపైన వాళ్ళకీ తెలియదట. ఇంటికొచ్చి బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. చచ్చేంత భయమేసింది.

ఆ శనివారమే కూడిక మా ఇంట్లో. పాస్టరుగారు, "ఈరోజు అమ్మగారి ఆరోగ్యం కోసం ప్రార్థిద్దాం," అన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం.

యూనివర్సిటీ ల్యాబులో పనిచేసే చెల్లెమ్మ మొదలుపెట్టింది. "తండ్రీ, ల్యాబులు మూతపడకుండా చూడు. మా జాబ్స్, మా వీసాలు నీ చేతుల్లోనే ఉన్నాయి ప్రభువా."

ఆమె పక్కన కన్సల్టెన్సీ నడిపే సహోదరుడు గొంతు సవరించుకున్నాడు. "తండ్రీ, ప్రజల సొమ్ము వేస్ట్ చేసేవాళ్ళ మనోనేత్రాలు తెరిపించు."

అతని పక్కన ఇక్కడే పుట్టి పెరిగిన కాలేజీ పిల్ల. "గాడ్, సమ్ అంకుల్స్‌కి సైన్స్ అర్థం అవాలి, ప్లీజ్ హెల్ప్ చెయ్యి."

పాస్టరుగారు మాత్రం, "ఇరువైపులవారినీ దీవించు ప్రభువా," అని గట్టున పడ్డారు. ఆయన సంఘంలో ఇరువైపులవాళ్ళూ ఉన్నారు మరి.

కళ్ళు మూసుకుని, దేవుణ్ణి మధ్యన కూర్చోబెట్టి, హాయిగా పోట్లాడుకుంటున్నారు. జబ్బుమనిషి ఒకతె అక్కడే కూర్చుని ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. వంటింట్లో బిర్యానీ చల్లారిపోతోంది, ఇక్కడ నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంతలో నా వంతు వచ్చింది.

"తండ్రీ, నాకెక్కించే మందు ప్రభుత్వం డబ్బుతోనే వస్తోంది. ఆ డబ్బు ఆపేశారు. ఇంకొక్క డోసే ఉంది. ఈ ఇంట్లో ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నాకు బతకాలనుంది. ఆమేన్."

నా తర్వాత మావారు. మైకు లేకుండానే వీధి చివరికి వినిపించేలా ప్రార్థించే మనిషి ఈసారి గొణిగారు. "ప్రభువా, ఆ డబ్బు..." అని ఆగిపోయారు. ఆమేన్ అని అందరూ గట్టిగా అన్నారు, కన్సల్టెన్సీ సహోదరుడితో సహా.

అందరూ తింటుండగా మావారు వంటింట్లోకి వచ్చారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పనిచ్చారా? ఈ ఇంట్లో మీరు అడ్డు రాని చోటు ఆ ప్రార్థనొక్కటే కదండీ."

ఆ చివరి డోసుకి ఆయన కూడా వచ్చారు. సూది గుచ్చుతున్న నర్సుని, దీని తర్వాత ఏంటని అడిగారు. తనకి తెలియదంది ఆమె. ఆయన అలవాటు కొద్దీ చెయ్యెత్తారు. ఎవరితో వాదించాలో తోచక, ఎత్తిన చేతిని తీసుకొచ్చి నా చేతి మీద పెట్టారు.