సాయంత్రం గదిలో గడియారం

సోమవారం పొద్దున స్కూలు గ్రూపులో ఒక్క లైను వచ్చింది. ఆయమ్మ తెల్లవారుజామున పోయింది, సొంతూరు ఉదయగిరికి తీసుకెళ్తున్నారు అని. ఆత్మకూరులో ఆమె ఆయాగా పనిచేసిన కాన్వెంటులోనే నేను చదువుకున్నాను. ఇప్పుడు అక్కడే లైబ్రరీ చూస్తున్నాను. ఆ లైను రెండుసార్లు చదివి, ఫోను పక్కన పెట్టి, ప్లేట్లో ఇడ్లీలు పూర్తిగా తిన్నాను. అమ్మకు చెప్పాను. "ఆ గడియారం ఇంకా ఉండాదా?" అని అడిగింది.

ఆ గడియారం సంగతి కాన్వెంటు సాయంత్రం గదిలో పెరిగిన పిల్లలకు తెలియదు. వాళ్ళ అమ్మలకు తెలుసు.

నాలుగింటికి బడి వదిలాక ఇంటికి వెళ్ళే వీలులేని పిల్లలం గేటు పక్క గదిలో ఉండేవాళ్ళం. అమ్మలు బట్టల షాపులో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు. మా అమ్మ ఉదయగిరి బస్సులో కండక్టరు. ఆయమ్మ ముందు అందరి బ్యాగులూ తీయించి గోడ మేకులకు తగిలించేది. "బ్యాగు వీపు మీదుంటే కళ్ళు గేటు మీదే ఉంటాయి" అనేది. తర్వాత ఉడికించిన శెనక్కాయలు తలా గుప్పెడు పెట్టి, గడియారం చూపించేది.

"చిన్న ముల్లు ఆరు మీదికి పోయేలోపల మీ అమ్మలొస్తారు."

ఎప్పుడూ వచ్చేవాళ్ళు.

మూడో తరగతిలో గడియారం చూడటం నేర్చుకున్నాను. నాలుగింటికి బడి వదిలితే, ఆ గడియారం మూడే చూపిస్తోంది. నేను ఎవరితోనూ మాట్లాడే పిల్లను కాను. తప్పు కనిపిస్తే మాత్రం ఊరుకోలేకపోయేదాన్ని. ఆయమ్మ నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళినప్పుడు, స్టూలెక్కి ముల్లు ముందుకు తిప్పాను.

ఆ రోజు చిన్న ముల్లు ఆరు మీదికి వచ్చేసరికి నలుగురం మిగిలాం. ఎల్కేజీ పాప గడియారం చూసింది. గేటు చూసింది. లేచి వెళ్ళి తన బ్యాగు వీపుకు తగిలించుకుని ఏడుపు మొదలుపెట్టింది. ఆమెను చూసి మిగతా ఇద్దరూ ఏడ్చారు. ఆరూ నలభైకి మా అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. టికెట్ల సంచి ఇంకా భుజానే ఉంది. నేను గడియారం చూపించి, "నలభై నిమిషాలు లేటు" అన్నాను.

అమ్మ గడపలోనే ఆగిపోయింది.

"ముందు కూచో," అంది ఆయమ్మ, గ్లాసు అందిస్తూ. "నీళ్ళు తాగు. పిల్ల యాడికీ పోదు. ఆ గడియారానికి ఏదో రోగమొచ్చి ముందుకి ఉరకతా ఉండాది."

మర్నాటికి గడియారం మళ్ళీ గంట వెనక ఉంది. తిడుతుందనుకున్నాను. ఊడిన నా జడ అల్లుతూ, "నీ టైమే కరెక్టు పాపా," అంది. "లేటయిందని మీ అమ్మకి డిపోలో చెప్తారు, ఇంట్లో చెప్తారు. ఈడ గూడా మనం చెప్పాల్నా?"

లేటు అన్న ఆ మాటకు అమ్మను క్షమించమని అడగాలనుకున్నాను. ఇన్నేళ్ళలో అడగలేదు.

ఆ సోమవారమే ఉదయగిరి వెళ్ళాను. కొండ కింది వీధిలో ఆయమ్మను పడుకోబెట్టారు. నాకు ఏడుపు రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను. ఆమె కూతురు దగ్గరికి వచ్చింది.

"కాన్వెంటు పిల్లవా?"

"అవునక్కా."

"నన్ను అవ్వ కాడ వదిలిపెట్టి మిమ్మల్ని సాకింది మా అమ్మ. శనివారం మాపటికి వచ్చేది. ఆ పొద్దు వచ్చిన బస్సల్లా చూస్తా కూచునేదాన్ని."

కోపంగా అనలేదు. ఆమే లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చి, "కూచో" అంది.

మంగళవారం సిస్టర్ పిలిచారు. మనిషి దొరక్కపోతే ఆ గది మూసేయాలన్నారు. కొన్నాళ్ళు నేను కూర్చుంటానన్నాను. "ఆ గడియారం స్లోగా ఉంది, బ్యాటరీ మార్చు" అన్నారు. బ్యాటరీ మార్చాను. ముల్లు తిప్పలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి ఆరింటికి వస్తానంది అమ్మ, కలిసి ఇంటికి వెళ్దామని. ఫోనులో ఆరూ నలభై అయింది. ఖాకీ చొక్కాతో పరుగున వచ్చి, అదే గడపలో ఆగింది.

"లేటయిందా?"

"లేదమ్మా. ఇంకా ఆరు కాలా. కూచో."

అమ్మ గోడకేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పిల్లల బెంచీ మీద మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది. నేను గ్లాసులో నీళ్ళు పోశాను. పక్కన చివరికి మిగిలిన పాప శెనక్కాయలు వలుచుకుంటోంది. ఆమె బ్యాగు మేకుకే ఉంది.